గీత ఎవరు గీస్తారో అది రాయి, తమ్ముడూ

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. పెద్దలకు మాత్రమే అనే బూతు సైట్లన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ కిందకి, అంటే వెబ్ చిరునామా చివర డాట్ కామ్ లాంటి ఒకే ముక్క కిందకి, నెట్టేస్తే పిల్లల ఫోన్లు బాగుపడతాయని రాశావు. మలికిపురం వైపు, తల్లి కువైట్‌లో పనిచేస్తుంటే అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లాడి మీద రాసిన పేరా ఉంది చూడు, అందులో ఒక్క అక్షరం కూడా మార్చకు. ఆ అమ్మమ్మకి ఫోన్ సెట్టింగులు తెలియవు, ఒక్క మీట నొక్కితే చెత్తంతా ఆగిపోవాలి అని నువ్వు అడగడం న్యాయమే. కానీ అక్కణ్ణుంచి నీ వ్యాసం నినాదాల్లోకి వెళ్లిపోయింది. "ప్రభుత్వం మేల్కోవాలి" లాంటివన్నీ కొట్టేసెయ్, ఆ చోటు నీకు వేరే వాటికి కావాలి.

నువ్వు అడుగుతున్న ఎక్స్‌టెన్షన్ ఎప్పుడో వచ్చేసింది, నీ వ్యాసంలో ఆ ఊసే లేదు. ఐసీఎం రిజిస్ట్రీ అనే కంపెనీ డాట్ ట్రిపుల్ ఎక్స్ కావాలని 2000లోనే, ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థని అడిగింది, కుదరలేదు. 2004లో మళ్లీ అడిగితే, 2005లో దాదాపు సరేనని, అమెరికాలో సంప్రదాయవాద సంఘాలు ఉత్తరాలు కుమ్మరించి అక్కడి వాణిజ్య శాఖ అభ్యంతరం చెప్పాక వెనక్కి తగ్గి, చివరికి 2007లో కాదు పొమ్మన్నారు. కంపెనీ ఊరుకోక స్వతంత్ర సమీక్షకి వెళ్లి 2010లో నెగ్గింది, 2011 మార్చిలో ఐకాన్ ఒప్పుకుంది, ఆ డిసెంబర్ నుంచి ఎవరైనా కొనుక్కోవచ్చన్నారు. ఇందులో రచయితకి పనికొచ్చే ముక్క ఒకటుంది. వద్దన్నవాళ్లు రెండు పక్కలా ఉన్నారు. సంప్రదాయవాదులు ఇది బూతుకి గుర్తింపు ఇవ్వడమే అన్నారు. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లేమో ఇవాళ ఇష్టమైతే రమ్మంటారు, రేపు అందరూ ఇక్కడికే రావాలంటారు, ఆనక గంపగుత్తగా ఆపేస్తారు అన్నారు. ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు ఒకే మాట అంటున్నారంటే నువ్వు అక్కడ కాసేపు ఆగాలి.

తెరిచాక జరిగింది ఇంకా ముఖ్యం. డాట్ కామ్ వదిలి రమ్మని ఎవరూ ఎవర్నీ బలవంతపెట్టలేదు, కాబట్టి పెద్ద సైట్లు ఉన్నచోటే ఉండిపోయాయి. ఈ వ్యాపారంతో ఏ సంబంధమూ లేని కంపెనీలు, అమెరికాలో యూనివర్సిటీలు కూడా, తమ పేరు పక్కన ఆ మూడక్షరాలు ఎవరైనా తగిలిస్తారేమోనని భయపడి ముందే డబ్బు కట్టి పేర్లు పట్టుకున్నాయి. 2015లో డాట్ పోర్న్, డాట్ అడల్ట్ కూడా తెరిచారు. అయినా ఆ అమ్మమ్మ ఫోన్లో వీటన్నిటినీ బ్లాక్ చేసినా పిల్లాడికి కనబడేది పెద్దగా తగ్గదు, వాడు చూసేది డాట్ కామ్‌లోనే ఉంది, కాకపోతే వాట్సాప్‌లో ఎవడో పంపిన వీడియోలో ఉంది, దానికి ఏ ఎక్స్‌టెన్షనూ ఉండదు.

అయితే చట్టం పెట్టి తరలిద్దాం అంటావు. యానాం గుర్తు తెచ్చుకో. 1995లో రామారావుగారు మద్యనిషేధం పెట్టినప్పుడు, చుట్టూ మన ఊళ్లే ఉన్నా యానాంలో షాపులు మూతపడలేదు, అది పుదుచ్చేరి కిందది కాబట్టి. మన చట్టం పక్క ఊళ్లోనే చెల్లనప్పుడు ఎక్కడో సముద్రాల అవతల ఉన్న సర్వర్‌ని ఎవరు కదిలిస్తారు?

సరే, ప్రపంచమంతా ఒప్పుకుందనే అనుకో. ఏది పెద్దలదో ఎవరు తేలుస్తారు? నా మట్టుకు అసలు చిక్కు ఇదే, నీ వ్యాసం నిలబడాల్సిందీ దీని మీదే. డొనాల్డ్ ఈస్ట్‌లేక్ అనే ఇంజనీరు 2004లోనే ఇలాంటి ఎక్స్‌టెన్షన్ ఎందుకు ప్రమాదమో ఒక పత్రం రాశాడు, ఒక దేశంలో మామూలుగా చెల్లేది ఇంకో దేశంలో బూతు, అందరికీ కలిపి ఒకే గీత గీయడం కుదరదని. మన దేశంలో 2015లో 857 సైట్లు ఆపమని ఆదేశమిస్తే ఆ జాబితాలో హాస్యం రాసే సైటు కూడా ఉంది, గోల అయ్యాక కొన్ని రోజులకే సడలించారు.

తెలుగులో రాసేవాడివి, నీకు ఇది ఇంకా గట్టిగా తగలాలి. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం రాధికా సాంత్వనాన్ని గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తిగా అచ్చువేయిస్తే బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. మన రాజమండ్రి వీరేశలింగంగారు, వితంతు వివాహాలు చేయించిన అంతటి మనిషి, ఆయన కూడా అవి ఆడదాని నోట రాకూడని మాటలని తప్పుపట్టారు. తర్వాతెప్పుడో టంగుటూరి ప్రకాశంగారు మద్రాసు ప్రభుత్వానికి పెద్దగా ఉన్నప్పుడుగానీ ఆ నిషేధం పోలేదు. రేపు నువ్వు సుఖవ్యాధుల గురించో, కొత్తగా పెళ్లయిన పిల్ల భయం గురించో కథ రాస్తావు. దాన్ని ఏ ఎక్స్‌టెన్షన్ కింద పెట్టాలో తేల్చే బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారో నువ్వు ఇప్పుడే అడగాలి.

ఇంకోటి. పిల్లలతో తీసిన వీడియోల్ని కూడా ఇదే మూటలో కట్టేశావు. వెంటనే విడదీసెయ్. వాటిని వేరేచోట పెట్టే ప్రశ్నే లేదు, అది నేరం, ఐటీ చట్టంలో 67బి సెక్షన్ ఉంది, పిల్లల మీద లైంగిక నేరాలకి పోక్సో చట్టం ఉంది. రెండూ కలిపితే చదివేవాడు కోపంలో రెంటికీ ఒకే మందు అడుగుతాడు.

తమంతట తాము బోర్డు పెట్టుకునేవాళ్ల కోసం ఆ ఎక్స్‌టెన్షన్ ఉండనీ, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ అమ్మమ్మకి రేపు పొద్దున పనికొచ్చేది ఏంటో కూడా నువ్వు రాయాలి: బడి టీచరో, సచివాలయంలో పనిచేసే కుర్రాడో కూర్చుని ఆ ఫోన్లో పేరెంటల్ కంట్రోల్ పెట్టివ్వడం, పిల్లాడితో సిగ్గుపడకుండా మాట్లాడే పెద్దమనిషి ఇంట్లోనో వీధిలోనో ఒకరుండటం. దీని మీద మీ ఊళ్లో నలుగుర్ని కలిసి అడుగు, నీ ఊహతో నింపకు.

అన్నీ చూశాక కూడా బలవంతంగా తరలించాల్సిందే అనిపిస్తే అదే రాయి, నాతో ఏకీభవించాలని లేదు. కానీ గీత గీసేది ఎవరో, వాళ్లు తప్పు చేస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో ఒక పేరాలో చెప్పు. దసరా లోపు పంపితే చదివి, పక్కన రాసి తిప్పి పంపిస్తాను.

మీ అన్నయ్య,
పాలకొల్లు