పొద్దున కుంటి, మధ్యాహ్నానికి పరుగెత్తే పాప: మా ఇంట్లో జరిగింది

మీరు రాసింది చదువుతుంటే ఆరేళ్ల కిందటి మా ఇల్లే కళ్ల ముందు కదిలింది. మూడేళ్ల పాప, దెబ్బ తగల్లేదు, జ్వరం లేదు, నెల రోజులుగా నిద్ర లేవగానే కాలు కుంటుతోంది, పదింటికల్లా మామూలుగా ఆడుకుంటోంది, మోకాలి ఎక్స్‌రే బాగానే ఉంది, ఇంట్లో పెద్దవాళ్లు ఎదిగే నొప్పులంటున్నారు, ఇంకొన్నాళ్లు ఆగి చూడొచ్చా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. కానీ ఆగి చూసి నష్టపోయిన తల్లిని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను, ఆగకండి. ఈ వారంలోనే పిల్లల కీళ్ల జబ్బులు చూసే రుమటాలజిస్ట్‌కి చూపించండి. మీ ఊళ్లో లేకపోతే పిల్లల డాక్టర్ని అడిగి ఉత్తరం రాయించుకుని పెద్ద ఊరికి వెళ్లండి.

ముందు ఒక మాట. పాపకి జ్వరం వచ్చి, కాలు అసలు కింద మోపకుండా, ముట్టుకుంటేనే గుక్కపెట్టి ఏడుస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లిపోండి. కీలులో చీము పట్టిందేమో అని డాక్టర్లు భయపడేది అలాంటప్పుడే. దానికి రోజులు కాదు, గంటలు లెక్క. మీరు రాసినదాన్ని బట్టి మీ పాపకి అలా లేదు, కానీ ఈ తేడా తెలిసి ఉండాలి.

మాది తెనాలి దగ్గర పల్లె. మా అమ్మాయికి అప్పుడు రెండేళ్ల తొమ్మిది నెలలు. కాళ్లకు మా అమ్మ పెట్టిన వెండి పట్టీలు ఉండేవి. పొద్దున్నే నేను వంటింట్లో ఉంటే అది మంచం దిగి నడిచి వచ్చే చప్పుడు వినపడేది. ఒకరోజు ఆ చప్పుడు మారింది. ఒక అడుగు ఘల్లుమని, రెండో అడుగు నేలకి రాసుకుంటూ. వెళ్లి చూస్తే ఎడమకాలు కాస్త వంచి, మునివేళ్ల మీద వస్తోంది. నొప్పా అంటే లేదంది. నాలుగు రోజులు పోయాక నడవడమే మానేసి మంచం మీద కూర్చుని చేతులు చాపేది, ఎత్తుకోమని. గారం అనుకున్నాం. మా అత్తగారు ఆముదం కాచి రాశారు. రాయగానే తగ్గినట్టే అనిపించేది, ఎందుకంటే రాసే లోపు ఎండ ఎక్కేది, కాలు దానంతటదే సాగేది.

పిల్లలు ఆ వయసులో నొప్పి అని చెప్పరు, చేసే పనులు మానేస్తారు. పీట మీద కూర్చోనంది, బాసింపట్టు వేయనంది, మెట్లు కూర్చుని దిగేది. బస్సులో గంట ప్రయాణం చేసి దిగితే మళ్లీ పొద్దుటిలాగే కుంటేది. ఇవన్నీ విడివిడిగా చూశాం గానీ కలిపి చూడలేదు.

మొదట చూసిన డాక్టర్ జలుబు తర్వాత తుంటిలో నీరు చేరి ఉంటుంది, పది పదిహేను రోజుల్లో పోతుంది అన్నారు. ఆయన్ని నేను తప్పుపట్టను. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో ఉన్నట్టుండి కుంటడానికి చాలాసార్లు కారణం అదే, నిజంగానే దానంతటదే పోతుంది. తప్పు మాది, పదిహేను రోజులు దాటినా మళ్లీ వెళ్లలేదు. మధ్యలో ఒకరు బెణికిందని నాటు కట్టు కట్టారు. మూడు వారాలు కట్టులో ఉంచాం. విప్పాక మోకాలు ఇంకా బిగుసుకుపోయింది, తొడ కండ ఆ ఒక్క కాలికే సన్నబడింది. ఆ మూడు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు కలుక్కుమంటుంది. కారణం తెలియకుండా పసిపిల్లల కీలుని కట్టి కదలకుండా ఉంచకండి.

ఎదిగే నొప్పుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రతి ఇంట్లో వినిపించే మాట అదే. అవి నిజంగానే ఉంటాయి. కానీ సాయంత్రమో రాత్రో వస్తాయి, రెండు కాళ్లలో, పిక్కల్లోనో తొడల్లోనో వస్తాయి, కీలులో రావు. కాస్త పిసికితే నిద్రపోతారు, తెల్లారి లేచి పరుగెడతారు. ఎదిగే నొప్పులతో పిల్లలు కుంటరు. పొద్దున ఎక్కువ, పోనుపోను తక్కువ, అదీ ఒకే కాలు అంటే కీలులో వాపు ఉందేమో చూడాల్సిందే.

ఆ వాపు కూడా వెంటనే కంటికి ఆనదు. మాకు తెలిసింది లెగ్గింగ్ వేస్తుంటే. ఒక మోకాలి దగ్గర బట్ట బిగుతుగా ఉంది. పడుకోబెట్టి రెండు కాళ్లూ పక్కపక్కన చాపి చూస్తే కుడి మోకాలి చిప్పకి పక్కన చిన్న పల్లం ఉంది, ఎడమదానికి ఆ పల్లం పూడిపోయి నున్నగా ఉంది. టైలర్ టేపుతో కొలిస్తే సెంటీమీటరున్నర తేడా. చెయ్యి వేస్తే కొంచెం వెచ్చగా తగిలింది, ఎర్రగా మాత్రం లేదు. మీరూ ఈ రాత్రి పాప నిద్రపోయాక ఇలా చూడండి, చీలమండలు కూడా.

మాకు ఎక్కువ కాలం వృథా అయింది ఎక్కడంటే, డాక్టర్ దగ్గరికి వెళ్లేది ఎప్పుడూ సాయంత్రం. అప్పటికి పిల్ల గెంతుతూ ఉండేది. 'బాగానే నడుస్తోంది కదమ్మా' అనేవారు. చివరికి మా ఆయన ఫోన్‌లో వీడియో తీశారు: లేవగానే మంచం దిగేటప్పుడు ఒకటి, అరగంటకి ఒకటి, గంటకి ఒకటి. హైదరాబాద్‌లో ఆ వీడియోలు చూసిన పిల్లల కీళ్ల డాక్టరమ్మ రెండో దాని దగ్గరే ఆపేసి 'ఎన్నాళ్లుగా?' అని అడిగారు. మీరు చేయాల్సిన మొదటి పని ఇదే. రేపు పొద్దున్నే తీయండి, తేదీతో ఉంచుకోండి.

మా అమ్మాయికి తేలింది జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్, పొట్టిగా జేఐఏ. పదహారేళ్ల లోపు మొదలై, ఆరు వారాలకు మించి కీలులో వాపు ఉండి, వేరే కారణం దొరకనప్పుడు ఈ పేరు పెడతారు. 'పసిపిల్లకి కీళ్లవాతమేంటి' అని మా ఊళ్లో అడగనివాళ్లు లేరు. వస్తుంది. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారి తప్పి కీళ్ల లోపలి పొర మీద పడుతుంది. పెద్దవాళ్లకొచ్చే రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటిదే అనుకోకండి, దీని నడక వేరు. మొదట ఒకటి నుంచి నాలుగు కీళ్లకే పరిమితమయ్యే రకం చిన్న ఆడపిల్లల్లో ఎక్కువ, అందులోనూ మోకాలికే ఎక్కువ.

ఇక్కడ చాలామంది బోల్తా పడే సంగతి ఒకటుంది. కీళ్లవాతానికి చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగెటివ్ వచ్చింది కాబట్టి ఆర్థరైటిస్ లేదనడం సరికాదు, ఈ పిల్లల్లో ఎక్కువమందికి అది నెగెటివే. ఒంట్లో వాపు ఉందేమో చెప్పే ఈఎస్‌ఆర్ అనే రక్తపరీక్ష కూడా నార్మల్ ఉండొచ్చు. మొదట్లో ఎక్స్‌రే కూడా చాలాసార్లు నార్మల్‌గానే ఉంటుంది. మాకు అవన్నీ నార్మలే. డాక్టరమ్మ చేత్తో కీలు పట్టుకుని, వంచి, సాచి, రెండు వైపులా పోల్చి చూసి చెప్పారు. అల్ట్రాసౌండ్‌లో నీరు కనిపించింది.

వేరే కారణాలు లేవని తేల్చుకోవడానికి మాత్రం చాలానే చూశారు. బ్లడ్ కౌంట్, దాంతోపాటు స్మియర్, అంటే రక్తపు చుక్కని మైక్రోస్కోప్ కింద చూడటం. రాత్రిళ్లు నొప్పితో నిద్ర లేవడం, పిల్ల పాలిపోవడం, ఒంటి మీద కమిలిన మచ్చలు, తగ్గని జ్వరం ఉంటే రక్త క్యాన్సర్ లేదని ముందు నిర్ధారించుకోవాలట. అందుకే ఎవరైనా పరీక్షలు లేకుండా స్టెరాయిడ్ సిరప్ రాస్తే తాగించే ముందు ఆగి అడగండి. రెండు రోజుల్లో పిల్ల పరుగెడుతుంది, అసలు జబ్బేమో మరుగున పడిపోతుంది. మన దేశంలో ఒకే మోకాలు నెలల తరబడి వాచి ఉంటే టీబీ కూడా చూడాలి, అందుకే మాకు చేతి చర్మంలోకి సూదితో చేసే మాంటూ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేశారు. తుంటిలో ఇబ్బంది ఉన్నా పిల్లలు మోకాలే చూపిస్తారు కాబట్టి తుంటి ఎక్స్‌రే కూడా తీశారు. మీకు మోకాలిదొక్కటే తీశారంటున్నారు, ఇది అడగండి. కాస్త పెద్ద పిల్లల్లో గొంతునొప్పి వచ్చిపోయాక, నొప్పి ఇవాళ మోకాలు రేపు మోచెయ్యి అని మారుతుంటే అది రుమాటిక్ జ్వరం కావచ్చు, గుండె కవాటాల మీద పడుతుంది కాబట్టి దాన్ని అసలు వదలకూడదు.

ఇక కళ్లు. ఇంతా రాస్తున్నది దీనికోసమే అనుకోండి. ఈ జబ్బు ఉన్న కొందరు పిల్లల్లో కంటి లోపల వాపు వస్తుంది, యువైటిస్ అంటారు. చాలాసార్లు కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు, నీరు కారదు, పిల్ల ఏమీ చెప్పదు. చూపు పోయేదాకా ఇంట్లోవాళ్లకి తెలియకపోవచ్చు. కంటి డాక్టర్ స్లిట్ ల్యాంప్ అనే వెలుగు యంత్రంతో చూస్తేనే దొరుకుతుంది. ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష పాజిటివ్ వస్తే ఈ ముప్పు ఎక్కువ. ఆ పరీక్ష ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ పాజిటివ్ రావచ్చు, దాంతో జబ్బు తేలదు, కళ్లు ఎంత తరచుగా చూడాలో తేలుతుంది. మాకు పాజిటివ్. మూడు నెలలకోసారి చూపించమన్నారు. మొదటిసారి బాగుంది. రెండోసారి, కాలు చక్కగా ఉండి, మేం అసలు వెళ్లడం అవసరమా అనుకుంటూ వెళ్లినప్పుడు, కుడికంట్లో వాపు కణాలు కనిపించాయి. చుక్కల మందు వేశారు, నెమ్మదిగా తగ్గించారు. ఈరోజు తన చూపు రెండు కళ్లలోనూ పూర్తిగా ఉంది. ఆ ఒక్క ప్రయాణం మానుకుని ఉంటే ఏమయ్యేదో నేను ఊహించుకోలేను. కీళ్లు బాగున్నాయి కదా అని కంటి పరీక్ష మానొద్దు.

చికిత్స సంగతి క్లుప్తంగా. మొదట కాస్త మత్తిచ్చి మోకాలి లోపలికే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. నాలుగో రోజు పొద్దున పట్టీల చప్పుడు రెండు అడుగులకీ ఒకేలా వినపడింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా నేను అలాగే నిలబడిపోయాను. పదకొండు నెలలకి మళ్లీ వచ్చింది, ఈసారి చీలమండతో సహా, అప్పుడు దారి తప్పిన రోగనిరోధక శక్తిని అదుపు చేసే మెథోట్రెక్సేట్ అనే మాత్ర మొదలుపెట్టారు. ఇది వారానికి ఒక్కసారి వేసే మందు, రోజూ వేసేది కాదు. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మేం క్యాలెండర్‌లో ప్రతి ఆదివారం చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి, వేశాక కొట్టేసేవాళ్లం. డాక్టర్ చెప్పిన రోజున ఫోలిక్ యాసిడ్, మధ్య మధ్య లివర్, బ్లడ్ కౌంట్ పరీక్షలు. కొన్నాళ్లకి ఆ పసుపు మాత్ర చూస్తేనే వాంతి వచ్చేది, రాత్రి పడుకునే ముందు వేయడం మొదలుపెట్టాక కాస్త నయమైంది. ఈ మందు వాడుతున్నప్పుడు ఏ టీకా వేయించాలన్నా ముందు రుమటాలజిస్ట్‌ని అడగండి.

పథ్యం పేరుతో మేం ఆర్నెల్లు పులుపు, వంకాయ, దుంపలు, చివరికి పెరుగు కూడా మానిపించాం. డాక్టరమ్మ విని బాధపడ్డారు. ఎముకలకి బలం కావాల్సిన పిల్లకి పెరుగు మాన్పిస్తారా అన్నారు. ఏ కూర వల్లా ఈ జబ్బు రాదు, ఏ కూర మానినా పోదు. మీ వంట వల్లో, మీరు చల్లనీళ్లు పోయడం వల్లో వచ్చిందని ఎవరన్నా మనసుకి తీసుకోకండి.

ఇప్పుడు మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. మందు ఆపి ఏడాది దాటింది. వాపు ఉన్న రోజుల్లో ఎడమకాలు కొద్దిగా ఎక్కువ పొడవు పెరిగింది, ఆ వాపుకి రక్తం ఎక్కువ చేరి ఎముక తొందరగా పెరుగుతుందట. లోపల చిన్న మెత్త ఉన్న చెప్పులు వాడుతోంది. స్కూల్లో కింద కూర్చునే పీరియడ్‌లో అరగంటకోసారి లేచి నడవనివ్వమని టీచర్‌కి చెప్పాం, ఆవిడ నీళ్ల కుండ నింపే పని దానికే అప్పగించారు.

మీ పాపకి ఇదే అని నేను అనడం లేదు. వీడియో, ఇప్పటిదాకా చేసిన పరీక్షల కాగితాలు, కుంటడం మొదలైన తేదీ, ఈమధ్య వచ్చిన జ్వరాలు, వాడిన మందుల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. కుదిరితే పొద్దుటి అపాయింట్‌మెంట్ అడగండి.