పాత క్షిపణితో ఉపగ్రహం: మా అబ్బాయి ఏం చదవాలి?

ప్రశ్న: మావాడు ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. పాత అణు క్షిపణులను ఉపగ్రహాలు మోసే రాకెట్లుగా మారుస్తారని ఎక్కడో చదివాడు. అదే తన పని అంటున్నాడు. దానికి కోర్సు ఉందా? అప్పు చేసైనా అమెరికా పంపాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఆ పేరుతో డిగ్రీ కోసం వెతకకండి. కానీ మీవాడి ఆసక్తిని తేలిగ్గా తీసుకోకండి, అది నిజమైన ఇంజినీరింగ్. సోవియట్ కాలపు ఆర్-36ఎం అణు క్షిపణితో చేసిన ద్నెపర్ రాకెట్ 1999 నుంచి 2015 దాకా 22 సార్లు ఎగిరింది, ఒక్కసారే విఫలమైంది. భూమిలోని గొట్టంలోంచి మందుగుండు వాయువు దాన్ని పైకి నెడుతుంది. గాల్లోకి వచ్చాకే ఇంజిన్ అంటుకుంటుంది. అమెరికాలో మినిట్‌మన్-2 అణు క్షిపణి కింది రెండు దశల (ఒకదాని తర్వాత ఒకటి మండే భాగాల) మీద కొత్త పైదశలు పెట్టి మినోటార్-1 చేశారు, 2000లో తొలిసారి ఎగిరింది.

ఇందులో అసలు కష్టం పాతబడిన మోటారును, అంటే ఘన ఇంధనం నింపిన రాకెట్ ఇంజిన్‌ను, నమ్మడం. ఏళ్ల తరబడి నిల్వ ఉన్న ఘన ఇంధనంలో పగులు వస్తే మండే ఉపరితలం పెరుగుతుంది, లోపల ఒత్తిడి ఎగబాకి మోటారు పేలిపోవచ్చు. అందుకే ఎక్స్‌రేలతో లోపలంతా వెతుకుతారు. ఈ సంగతి మీవాడికి చెప్పి చూడండి. పగులును ఎలా పట్టుకుంటారని తిరిగి అడిగితే, వాడికి సరైన బ్రాంచి మెకానికల్, కెమికల్ లేదా మెటీరియల్స్.

అప్పు మాత్రం వద్దు. అమెరికాలో రాకెట్ పనికి ఆయుధ ఎగుమతి నిబంధనలు వర్తిస్తాయి. పౌరసత్వమో గ్రీన్ కార్డో లేనివాళ్లకు ఆ ఉద్యోగాలు దాదాపు దొరకవు. ఎంఎస్ చేశాక ఈ విషయం తెలిసి కుంగిపోయే పిల్లలను చూస్తే బాధేస్తుంది.

మన దగ్గర కథ తిరగబడి, రాకెట్ నుంచి క్షిపణికి నడిచింది. ఉపగ్రహాలు మోసే ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ మొదటి దశే 1989లో అగ్ని క్షిపణికి మొదటి దశ అయింది. అగ్నిని తయారుచేసే డీఆర్‌డీవో (రక్షణ పరిశోధన సంస్థ) ప్రయోగశాల హైదరాబాద్‌లోనే ఉంది, ఇస్రో ఘన ఇంధన కర్మాగారం శ్రీహరికోటలో.

జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు వస్తే తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీకి దరఖాస్తు చేయించండి. రాకపోతే మంచి కాలేజీలో మెకానికల్ చాలు, కంప్యూటర్స్‌లో చేరమని బలవంతపెట్టకండి. తర్వాత డీఆర్‌డీవోకు గేట్ (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) స్కోరు కావాలి. ఇస్రోకు బీటెక్‌లో 65 శాతం ఉండాలి, కాబట్టి మొదటి సెమిస్టర్ నుంచే మార్కులు జాగ్రత్త.