నాన్నగారు ఇచ్చే పెట్టుబడి: కానుకా, అప్పా?

ప్రశ్న: నా వయసు 28. గుంటూరులో మాకు తాతగారి కాలం నుంచి మిర్చి కమీషన్ దుకాణం ఉంది. బీటెక్ తరువాత నాలుగేళ్లు హైదరాబాదులో ఉద్యోగం చేసి, రెండేళ్ల కిందట నాన్నగారికి తోడుగా వచ్చేశాను. ఇప్పుడు కారం పొడి ఆడించి సొంత పేరుతో పాకెట్లలో అమ్మాలనుకుంటున్నాను. అంచనా రూ.40 లక్షలు: షెడ్డు, కరెంటు కనెక్షన్‌కు 6, యంత్రాలకు 16, సరుకుకు 12, ప్రచారానికి 6. నాన్నగారు తన డిపాజిట్ల నుంచి 15 లక్షలు, దుకాణం ఓవర్‌డ్రాఫ్టు నుంచి 25 లక్షలు ఇస్తామంటున్నారు. ఆ ఓవర్‌డ్రాఫ్టుకు మా ఇల్లు తనఖాలో ఉంది. నా పొదుపు 9 లక్షలు. అక్కకు పెళ్లయింది, వచ్చే ఏడాది నా పెళ్లి. దుకాణంలో నాకు జీతం లేదు. కావలసినప్పుడు గల్లాపెట్టెలోంచి తీసుకుంటాను. ఈ డబ్బు తీసుకోవచ్చా?

జవాబు: మీ నాన్నగారి డిపాజిట్లలోని 15 లక్షలు తీసుకోండి. ఓవర్‌డ్రాఫ్టులోని 25 లక్షలు మాత్రం ముట్టుకోవద్దు.

ఓవర్‌డ్రాఫ్టు అంటే బ్యాంకు పెట్టిన పరిమితి దాకా అవసరమైనప్పుడు తీసి, డబ్బు రాగానే తిరిగి కట్టే అప్పు. దుకాణానికి ఇచ్చిన ఆ పరిమితి రైతుకు, కొనుగోలుదారుకు మధ్య డబ్బు తిరగడానికి ఉద్దేశించినది. సీజనులో అది నిండుతుంది, సరుకు కదిలాక తగ్గుతుంది. అందులోంచి 25 లక్షలు తీసి యంత్రాల్లో, షెడ్డులో పెడితే ఆ మొత్తం ఏళ్ల తరబడి తిరిగి రాదు. ఫిబ్రవరిలో యార్డుకు కాయ వచ్చే వేళకు మీ నాన్నగారి చేతిలో డబ్బు ఉండదు. పైగా ఒక పనికి ఇచ్చిన రుణాన్ని మరో పనికి మళ్లించడాన్ని బ్యాంకులు తీవ్రంగా పరిగణిస్తాయి. మీ కారం పొడి అమ్ముడుపోకపోతే పోవలసింది మీ పెట్టుబడి. అమ్మానాన్నలు ఉంటున్న ఇల్లు కాదు.

మీ అంచనాలో నన్ను ఆపిన విషయం అందులో లేని పద్దు. అరువుకు ఒక్క రూపాయి కూడా కేటాయించలేదు. కమీషన్ వ్యాపారంలో అరువు ఎలా పేరుకుంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు, కానీ పాకెట్ల వ్యాపారంలోనూ అదే కథ. నెలకు 3.5 లక్షల అమ్మకం ఉండి, దుకాణాలు 60 రోజులకు డబ్బు ఇస్తే, ఎప్పుడు చూసినా 7 లక్షలు బయటే ఉంటాయి. సరుకు సంగతి కూడా అలాంటిదే. ఏడాదికి సరిపడా కాయ సీజనులోనే కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలన్న ఆలోచన వ్యాపారి ఇంట్లో పెరిగినవారికి సహజం. అయితే 2023లో క్వింటాలు 20 వేలు దాటి పలికిన మిర్చికి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం, ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద రూ.11,781 ధర ప్రకటించవలసి వచ్చింది. ధర ఎక్కువగా ఉన్నప్పుడు నిండా కొని ఉంటే, ఆ తేడా మీ పాకెట్ మీది లాభాన్ని మింగేస్తుంది.

అందువల్ల మొదటి ఏడాది యంత్రాలు కొనవద్దు. కూలికి కారం ఆడించే మిల్లులు మీ ఊళ్లోనే ఉన్నాయి. అప్పుడు లెక్క 20 లక్షలకు దిగుతుంది: సరుకుకు 8, అరువుకు 7, ప్యాకింగు, ఆహార భద్రత లైసెన్సు, ప్రయోగశాల పరీక్షలకు 3, ప్రచారానికి 2. పురుగుమందుల అవశేషాలు, అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం), కలిపిన రంగులు వంటి పరీక్షలకు అయ్యే ఖర్చును దయచేసి తగ్గించుకోవద్దు. నాన్నగారి 15 లక్షలకు మీ పొదుపులోంచి 5 కలపండి. మిగిలిన 4 లక్షలు పెళ్లికి కూడా కాదు, కష్టకాలపు ఇంటి ఖర్చులకు మాత్రమే.

ఇక ఆ 15 లక్షలు ఏ రూపంలో తీసుకోవాలన్నది ముఖ్యం. తండ్రి కొడుక్కి ఇచ్చే కానుకపై ఆదాయపు పన్ను లేదు కాబట్టి కానుకగా రాయించుకోవడం సులువని మీ ఆడిటరు చెప్పవచ్చు. పన్ను వరకు అది నిజమే. నేను మాత్రం అప్పుగా తీసుకోమంటాను, ఎందుకంటే మీకు అక్క ఉన్నారు. ఆ డిపాజిట్లు నాన్నగారి స్వార్జితమైతే ఆయన ఇష్టం; దుకాణం లెక్కలు హిందూ అవిభక్త కుటుంబం (ఆస్తి ఉమ్మడిగా ఉండే కుటుంబం) పేరిట ఉండి, డబ్బు అందులోంచి వచ్చినదైతే అలా కాదు. అలాంటి ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారుడితో సమానమైన జన్మహక్కును ఆంధ్రప్రదేశ్ 1985 నుంచే కొన్ని షరతులతో గుర్తించింది. 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. తండ్రి అప్పటికి జీవించి ఉన్నారా లేదా అన్నదానితో నిమిత్తం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. డిపాజిట్ రసీదుపై ఎవరి పాన్ నంబరు ఉందో ముందు చూడండి. సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

నాన్నగారి అప్పును బ్యాంకు ఖాతా ద్వారానే తీసుకోండి, రూ.20 వేలు, ఆపైన అప్పును నగదుగా తీసుకోవడం చట్టవిరుద్ధం, తండ్రీకొడుకుల మధ్య అయినా సరే. మీరు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టాలని నా సలహా. వ్యాపారం దెబ్బతింటే మీ సొంత ఆస్తి చాలావరకు దానికి దూరంగా ఉంటుంది. అందులో మీరు డైరెక్టరు అవుతారు. మీ నాన్నగారిలా డైరెక్టరు బంధువు కంపెనీకి అప్పు ఇచ్చేటప్పుడు, అది తాను మరొకచోట అప్పు చేసి తెచ్చిన సొమ్ము కాదని రాతపూర్వకంగా ప్రకటించాలి. ఓవర్‌డ్రాఫ్టు డబ్బు ఆ ప్రకటనలో ఇమడదు. కంపెనీని చిన్న పరిశ్రమల నమోదు కోసం కేంద్రం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేయండి. సూక్ష్మ, చిన్న తరహా ఉత్పత్తిదారుకు కొనుగోలుదారు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని చట్టం చెబుతోంది.

యంత్రాల కోసం రెండో ఏడాది బ్యాంకు రుణానికి వెళ్దురుగాని. సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పథకంలో ప్రాజెక్టు ఖర్చుపై 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రాయితీ పెట్టారు. అప్పటికి కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా అధికారులను అడగండి. బ్యాంకు మిమ్మల్ని మొదట అడిగేది మాత్రం ఆదాయపు పన్ను రిటర్నులు. రెండేళ్లుగా పొద్దుటి నుంచి రాత్రి వరకు దుకాణంలో పనిచేస్తున్నారు, కాగితం మీద మాత్రం మీరు నిరుద్యోగి. వ్యాపార కుటుంబాల పిల్లల్లో నేను తరచుగా చూసే లోటు ఇది. ఈ నెల నుంచే దుకాణం ఖాతా నుంచి మీ ఖాతాకు రూ.40 వేలు జీతంగా వేయించుకోండి. కొత్త పన్ను విధానంలో ఆ ఆదాయంపై పన్ను పడదు, అయినా రిటర్ను వేయండి. గల్లాపెట్టెలోంచి తీసుకోవడం మానేయండి. ఉద్యోగం వదిలిన నాటి నుంచి మీకు ఆరోగ్య బీమా లేకపోయి ఉంటే అది కూడా ఈ నెలలోనే తీసుకోండి. పెళ్లయ్యాక టర్మ్ పాలసీని (గడువులోగా మీరు చనిపోతే కుటుంబానికి సొమ్ము ఇచ్చే బీమా) వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకుంటే అప్పులవాళ్లు ఆ సొమ్ము జోలికి రాలేరు.

కుటుంబ వ్యాపారంలోంచి బ్రాండు తీసిన వారిలో మారికో సంస్థ స్థాపకుడు హర్ష్ మారివాలా ఉదంతం మీకు దగ్గరగా ఉంటుంది. ఆయన తాతగారు మిరియాల వర్తకులు. ఆ ఇంటిపేరు వచ్చింది మిరియాల నుంచే. 1971లో కుటుంబ సంస్థ బాంబే ఆయిల్‌లో చేరిన ఆయన, పెద్ద డబ్బాల్లో టోకున పోయే పారాషూట్ కొబ్బరినూనెను చిన్న ప్యాకింగులోకి తెచ్చారు. ఆ వ్యాపారం మారికోగా విడిపడింది 1990లో, దాదాపు ఇరవయ్యేళ్ల తరువాత. గెలిచిన వారి కథలే మనకు వినిపిస్తాయి కాబట్టి దాన్ని హామీగా తీసుకోకండి. వ్యవధిని మాత్రం గమనించండి.

చివరగా, రుణపత్రంలో వడ్డీ, గడువులతో పాటు ఇంకొక వాక్యం చేర్చండి: 18 నెలల్లోగా నష్టం 10 లక్షలకు చేరితే వ్యాపారం ఆపి, మిగిలిన సరుకు అమ్మి, వచ్చినంత నాన్నగారికి చెల్లిస్తారని. అది రాసే రోజున అక్కను, బావగారిని భోజనానికి పిలిచి, సంతకాలకు ముందే ఆ కాగితం వారి చేతికివ్వండి.