పెళ్ళిచూపుల ముందు ఫ్లోరైడ్ పళ్ళకు వెనీర్లు (పన్ను ముందువైపు అంటించే పలచని తొడుగులు) వేయించుకుంటే మోసం చేసినట్టా?

కాదు. నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు చిన్నప్పటి నుంచి బోరు నీళ్ళు తాగి పెరిగిన చాలామంది పళ్ళ మీద ఆ గోధుమరంగు చారలు ఎంత తోమినా పోవు. చిగుళ్ళ కింద పన్ను తయారయ్యే వయసులో, దాదాపు ఎనిమిదేళ్ళలోపు, ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్ ఎనామిల్ (పన్ను గట్టి పైపొర) తయారీనే దెబ్బతీస్తుంది. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మన దగ్గర కొన్ని బోర్లలో అంతకు ఎన్నో రెట్లుండేది. ఆ మచ్చ ఆ పిల్ల తప్పు కాదు, పుట్టబోయే బిడ్డలకు వచ్చే జబ్బూ కాదు. అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. నిర్ణయం ఎవరిది? "పళ్ళు తెల్లగ చేయించుకొస్తేనే సంబంధం" అని అవతలివాళ్ళు అంటే, ఇంట్లోవాళ్ళు ఆమెను డాక్టరు దగ్గరికి పట్టుకుపోతే, అది ఆమె ఇష్టం ఎట్లయితది? వెనీర్ కోసం చాలాసార్లు పన్ను పైపొర అరగదీస్తారు. పోయిన ఎనామిల్ మళ్ళీ రాదు, వెనీర్లను కొన్నేళ్ళకు మార్పించుకోవాలి, మళ్ళీ ఖర్చు. ఈ సంగతి డాక్టరు ఆమెతోనే, ఆమెకు అర్థమయ్యే తెలుగులో, డబ్బు కట్టించుకోకముందే చెప్పాలి. మచ్చలు లేతగా ఉంటే, పలచగా పైపైన రుద్ది తీసే మైక్రోఅబ్రేషన్ సరిపోతుందేమో ముందు అడగండి.