కండక్టర్ కావాలనుకుంటున్న మేనకోడలికి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇంజనీరింగ్ అయ్యాక ఆర్కెస్ట్రా కండక్టర్ అవుతానని, అందులోనూ మ్యూజికల్ నాటకాలకు పనిచేస్తానని రాశావు. ఇంట్లో మీ నాన్న టెన్షన్ పడుతున్నారట. బావగారితో నేను మాట్లాడతాలే. నేను సింఫనీలు నడిపినవాణ్ణి కాదు. నలభై ఏళ్ళు పద్యనాటకాలకు హార్మోనియం వాయించినవాణ్ణి. అయినా వేదిక మీద మనిషి పాడుతుంటే కింద కూర్చుని సంగీతం నడపడం ఎలాంటిదో నాకు తెలుసు.

నా ఇరవై రెండో ఏట తెనాలి దగ్గర ఒక ఊళ్ళో తిరునాళ్ళ నాటకం. కాటి సీను. పద్యంలో రెండు పాదాలు పాడి నటుడు ఆగారు. ఖాళీ దొరికింది కదా అని నాకొచ్చిన సంగతులన్నీ అక్కడ వాయించేశాను. జనం చప్పట్లు కొట్టారు. ఆయన మూడో పాదం ఎత్తుకునేసరికి శ్రుతి జారింది, పద్యం చప్పబడింది. తెల్లవారాక ఆయన నన్ను తిట్టలేదు. "తమ్ముడూ, నేను ఏడుద్దామని ఆగాను" అన్నారు, అంతే. ఆ రోజు నుంచి నా కళ్ళు రీడ్ల మీద కంటే నటుల గొంతు మీదే ఎక్కువ ఉండేవి. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో చూడటం ముందు నేర్చుకో. చెయ్యి ఊపడం తర్వాత ఎలాగూ వస్తుంది.

మ్యూజికల్ స్కోరులో, అంటే అన్ని వాద్యాల స్వరాలూ రాసిన పుస్తకంలో, కొన్ని బార్ల (తాళం ప్రకారం విడగొట్టిన గళ్ళ) మీద 'వ్యాంప్' అని రాసి ఉంటుంది, నువ్వూ చూసే ఉంటావు. నటి తన మాట పూర్తి చేసి పాటకు సిద్ధమయ్యేదాకా ఆ కాసిని బార్లే తిప్పి తిప్పి వాయిస్తారు. కండక్టర్ సైగ చేశాకే ముందుకు కదులుతారు. నటుడు పద్యం ఎత్తుకునేదాకా మేం హార్మోనియం మీద రాగం తిప్పుతూ ఉండేదీ ఇందుకే. కాకపోతే నీ సైగ కోసం పదిహేను ఇరవై మంది చూస్తుంటారు. అది స్పష్టంగా ఉండాలి. చెయ్యి పెద్దగా ఊపితే స్పష్టత రాదు.

స్కోరు చదవడం దగ్గర చాలామంది భయపడతారు. బీ ఫ్లాట్ క్లారినెట్‌కి సీ అనే స్వరం రాసి ఉంటే వినపడేది దానికి కింద ఉండే బీ ఫ్లాట్. మన లెక్కలో ఒకటి శ్రుతి అని రాసి ఆరున్నర పలికించినట్టు. పాడేవాళ్ళను బట్టి అప్పటికప్పుడు శ్రుతి మార్చి వాయించడం మా వాళ్ళకి రోజూ ఉండే పనే, నీకూ అలవాటవుతుంది. రోజుకి ఒక్క పేజీ తీసుకో. ఒక్కో వాద్యం లైను నోటితో పాడు. వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా లైను వదిలెయ్యకు, దాని క్లెఫ్ (ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే గుర్తు) వేరని అందరూ దాటేస్తారు.

పాడటం అన్నాను కాబట్టి ఇంకో మాట. విజయవాడ ఘంటసాల సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంటే నాకు సంతోషం. గొంతు తియ్యగా లేకపోయినా ఫరవాలేదు, స్వరం సరిగ్గా పడితే చాలు. కీబోర్డు నేర్పనిది గాత్రం నేర్పుతుంది. 1940 నుంచి 1971 దాకా ఆలిండియా రేడియోలో హార్మోనియానికి చోటు లేదు. గమకం పలకదనేది అప్పట్లో చెప్పిన కారణాల్లో ఒకటి. నాకు ఆ నిషేధం మీద కోపమే, కానీ ఆ మాటలో నిజం ఉంది. రెండు మెట్ల మధ్య గొంతు ఎలా జారుతుందో మన మెట్ల వాయిద్యం చెప్పదు. పాడేవాళ్ళ దగ్గరే వినాలి.

చదువు సంగతి. చెన్నైలో ఏ.ఆర్. రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. ముంబయిలో 2006 నుంచి సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది, వాళ్ళ కచేరీలకు వెళ్ళి కండక్టర్ ముఖం కనపడే చోట కూర్చో. ఎక్కడ చదివినా మొదటిరోజే నిన్ను ఆర్కెస్ట్రా ముందు నిలబెట్టరు. రిహార్సల్ పియానిస్టుగా చేరు. నాటకానికి ఆర్కెస్ట్రా వచ్చేది చివరి రోజుల్లోనే, అప్పటిదాకా ఒక్క పియానోతోనే అంతా నడుస్తుంది. ఎవరికి ఏ చోట అడుగు తడబడుతుందో, ఏ పాటకి గొంతు అలిసిపోతుందో నీకు అక్కడే తెలుస్తుంది.

డబ్బు గురించి బావగారి భయం ఉత్తదేం కాదు. ప్రదర్శనకి ఇంత అని మాట్లాడుకునే పని ఇది, నెలజీతం కాదు. పిల్లలకి పాఠాలు చెప్పుకునే ఏర్పాటు ఒకటి ఉంచుకో. నువ్వు ఎప్పుడు ఒప్పుకున్నా వాద్యకారుల డబ్బు, దారి ఖర్చులు ముందు తేల్చుకో. ఒకసారి నిర్వాహకులు చేతులెత్తేస్తే మా తబలా ఆయన బస్సు ఛార్జీకి వాచీ తాకట్టు పెట్టాడు. నా మాట నమ్మి వచ్చిన మనిషి అతను.

ఈ నెలాఖరున ఇక్కడ వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో పద్యనాటకం ఉంది. వాయించేది నేనే. శనివారం మధ్యాహ్నానికల్లా వచ్చెయ్, రిహార్సల్ కూడా చూద్దువు. నా పక్కనే స్టూలు వేయిస్తాను. కీబోర్డు తీసుకురావద్దు.

ప్రేమతో,
నీ మామయ్య