పాత పద్మినికి కొత్త బ్యాటరీ: ఆరు లక్షలు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని ఏఎస్ రావు నగర్. నా వయసు 46, ప్రైవేటు ఉద్యోగం, 30 శాతం పన్ను శ్లాబు. 1994లో రిజిస్టర్ అయిన నాన్నగారి ప్రీమియర్ పద్మినిని ఇంటి షెడ్డులోనే విద్యుత్ కారుగా మార్చుకోవాలని కోరిక. మోటారు, కంట్రోలర్, 15 కిలోవాట్ అవర్ల బ్యాటరీ అన్నీ కలిపి 6 లక్షలవుతుంది. ఇంజిన్ బోరుకు వచ్చింది, బాగుచేయడానికి మెకానిక్ 80 వేలు అడుగుతున్నాడు. ఏడాదికి 3,000 కిలోమీటర్లకు మించి తిరగం. రెండేళ్లలో మొదలయ్యే పాప ఇంజినీరింగ్ చదువుకు దాచిన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయమంటారా, వ్యక్తిగత రుణం తీసుకోమంటారా?

జవాబు: రెండూ వద్దు. ముందు మీ ఆదా లెక్క చూద్దాం. బండి లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తే ఏడాదికి 250 లీటర్లు, లీటరు 107 రూపాయల చొప్పున 26,750 రూపాయలు అవుతుంది. విద్యుత్తుతో యూనిట్‌కు 7 కిలోమీటర్లు నడుస్తుందనుకొని, చార్జింగ్‌లో వృథా అయ్యేది కూడా కలుపుకుంటే 475 యూనిట్లు కావాలి. మీ ఇంటి వాడకం పై శ్లాబులోనే ఉందనుకొని యూనిట్‌కు 9 రూపాయలు వేసినా 4,300 దాటదు. అంటే ఏడాదికి మిగిలేది సుమారు 22,500 మాత్రమే, పెట్టిన ఆరు లక్షలు తిరిగి రావడానికి 26 ఏళ్లు దాటుతుంది. అదే సొమ్ము 6.5 శాతం వడ్డీకి డిపాజిట్‌లో ఉంటే ఏటా 39,000 వస్తుంది, సెస్సుతో సహా 31.2 శాతం పన్ను పోయినా 26,800 చేతికందుతుంది. అసలు సొమ్ము కదలకుండానే మీ పెట్రోలు ఖర్చంతా ఆ వడ్డీతో తీరిపోతుందన్న మాట.

ఇక రుణమంటారా, 12 శాతానికి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు 13,350 చొప్పున వాయిదా కట్టాలి, వడ్డీయే రెండు లక్షలు దాటుతుంది. చారానా కోడికి బారానా మసాలా అని మన ఊళ్లో అనేది ఇలాంటి వాటినే. ఇది ముచ్చట కోసం పెట్టే ఖర్చు అనుకుంటే అందులో తప్పేమీ లేదు గానీ, ముచ్చటకు పాప చదువు డబ్బును గానీ అప్పును గానీ వాడకూడదు.

డబ్బు కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ‘ఇంటి షెడ్డులోనే’ అని మీరు రాసిన మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు భిన్నంగా బండిని సొంతంగా మార్చడానికి వీల్లేదు. ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థ ఆమోదించిన విద్యుత్ మార్పిడి కిట్‌ను, దాని తయారీదారు అధీకృతం చేసిన కేంద్రంలోనే బిగించుకొని, ఆర్‌టీఏ అనుమతితో ఆర్‌సీలో ఇంధనం వివరం మార్పించుకోవాలి. ఆ ఆమోదం ఏ నమూనాలకు వర్తిస్తుందో ధ్రువపత్రంలోనే ఉంటుంది కాబట్టి, ఆల్టోకు వచ్చిన కిట్ పద్మినికి చెల్లదు. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ పడవచ్చు. దారిలో ఎవరూ ఆపకపోయినా, అయిదేళ్లకోసారి జరిగే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణలో, అంటే మీ బండికి 2029లో, ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు బండిలో కనిపించదు.

బీమా సంగతి ఇంకా గట్టిది. మోటారు పెట్టిన విషయం పాలసీలో నమోదు కాకపోతే, మంటలు లేచినప్పుడు క్లెయిమ్ తిరస్కరించడానికీ, ప్రమాదంలో మూడో వ్యక్తికి ఇచ్చిన పరిహారాన్ని మీ నుంచి రాబట్టడానికీ కంపెనీకి అవకాశం దొరుకుతుంది. అలాంటి పరిహారం ఆరు లక్షల దగ్గర ఆగదు.

రాయితీల మీద కూడా ఆశ పెట్టుకోకండి. విద్యుత్ వాహన రుణ వడ్డీకి మినహాయింపునిచ్చిన 80ఈఈబీ సెక్షన్ 2023 మార్చి 31 లోపు మంజూరైన రుణాలకే పరిమితం. రాష్ట్రం 2024 నవంబరులో ప్రకటించిన రోడ్డు పన్ను మినహాయింపు కొత్త బండి కొనేవారికి పెద్ద ఊరట, జీవిత పన్ను ఎప్పుడో కట్టేసిన మీ పద్మినికి దానితో ఒరిగేది లేదు.

నా మాటగా 80 వేలు పెట్టి ఇంజిన్ బాగుచేయించండి, అది కూడా బోనస్ నుంచో నెలవారీ మిగులు నుంచో తీయండి. విద్యుత్ ముచ్చట తీరకపోతే నెలకు 8,000 చొప్పున వేరే రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. పద్మిని పేరున్న ఆమోదపత్రం, బీమా కంపెనీ లిఖితపూర్వక అంగీకారం రెండూ చేతికి వచ్చేదాకా ఒక్క బ్యాటరీ సెల్లు కూడా కొనవద్దు. విడివిడిగా సామగ్రి కొనడం మొదలయ్యాక మధ్యలో ఆగితే, ఇంజిన్ తీసేసిన బండికి పాత కార్ల బజారులో ఇనుము ధర కూడా సరిగా పలకదు. పాప డిపాజిట్ గడువు కళాశాల ప్రవేశాలకు ముందే తీరేలా ఉందో లేదో ఈ వారమే రసీదు తీసి చూసుకోండి.