పొద్దున్నే ఇంట్లో మీకు నచ్చే చిన్న సుఖాలేంటి? – నా ఓటు డికాషన్ దిగే పావుగంటకే

అందరూ నడక, ధ్యానం అని రాశారు. నేనైతే ఫిల్టర్‌లో డికాషన్ దిగే పావుగంటే అంటాను. మా నెల్లూరు ఇళ్లలో వాకిలి చిమ్మి, కళ్లాపి చల్లి, ముగ్గేసి లోపలికొచ్చేసరికి అది దిగుండాలి. చాలా ఇళ్లలో దిగదు, సుఖమంతా చిరాకైపోతుంది.

నలుగురికి 30 గ్రాముల పొడి, 200 మిల్లీలీటర్ల నీళ్లు. కిందికి దిగేది 140 దాకానే, మిగతాది పొడే తాగేస్తుంది. పైగిన్నెలో వేసిన పొడిమీద, ఫిల్టర్‌తో వచ్చే చిల్లుల బిళ్లని ఆనించాలి, అదమకూడదు. అదిమితే నీళ్లు కదలవు, మరీ వదులుగా ఉంటే రెండు నిమిషాల్లో జారిపోయి రంగునీళ్లు మిగులుతాయి. నీళ్లు మరిగాక దించి అర నిమిషం ఆగి, ముందు పొడి తడిసేంత పోసి, కాసేపటికి మిగతావి పోయండి.

మధ్యలో ఆగిపోయిందా? ఫిల్టర్‌ని దబదబా కొట్టకండి. కిందిగిన్నెలో ఆవిరి పట్టేసి ఉంటుంది. పైగిన్నెని గుడ్డతో పట్టుకుని రవ్వంత తిప్పి ఎత్తితే సుయ్‌మని గాలి పోయి, చుక్కలు మళ్లీ మొదలవుతాయి. అప్పటికీ పడకపోతే చిల్లులు మూసుకున్నట్టే. ఖాళీ పైగిన్నెని మంటమీద పెట్టి, ఇరుక్కున్న పొడి కాలాక, చల్లార్చి తట్టండి. తెల్లటి గార పడితే మాత్రం కాల్చినా పోదు, నిమ్మరసంలో నానబెట్టాలి.

ఆ గార బోరునీళ్లదే. ఉప్పునీళ్లతో వేసిన డికాషన్‌కి వాసనే ఉండదు, ఎంత ఖరీదు పొడైనా దండగ. కనిగిరి వైపైతే బోరునీళ్లలో ఫ్లోరైడ్ కూడా ఎక్కువ. కాచితే పోతుందనుకుంటారు గానీ, నీళ్లు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. పొడికి అంత పెట్టేవాళ్లు నీళ్ల దగ్గర పిసినారితనం ఎందుకో!

పొడి సంగతీ చెప్పాలి. 51 శాతం కాఫీ ఉంటే చాలు, మిగతాది చికోరీ (వేయించిన ఓ వేరు పొడి) వేసి అమ్ముకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. ప్యాకెట్ మీద శాతం రాసుంటుంది, చూడకుండా కొని కాఫీ చేదంటారు. చికోరీ 20 శాతం దాటితే నాకది కాఫీయే కాదు.

గేదెపాలు పొంగొచ్చాక సన్నసెగన రెండు నిమిషాలు ఉంచండి. రాత్రి పాలైతే మీగడ తీసేసి కాచండి, లేదంటే కాఫీమీద నెయ్యిచుక్కలు తేలతాయి. ఒక వంతు డికాషన్‌కి మూడు వంతుల పాలు.

రాత్రే డికాషన్ వేసిపెట్టే అలవాటు మన ఎండాకాలానికి పనికిరాదు. బయట ఉంచితే తెల్లారేసరికి పులుపు తిరుగుతుంది. ఉదయం వేసింది చల్లారినా మళ్లీ పొయ్యెక్కించొద్దు, చేదెక్కుతుంది. కిందిగిన్నెని వేడినీళ్లలో నిలబెడితే సరిపోతుంది.